చౌడుమిద్దె నుంచి చలువకప్పు దాకా: తెలుగునాట గృహ ఉష్ణరక్షణ చరిత్ర – పర్యావరణ ప్రమాణాలు

వ్యాససంగ్రహం:

ఇంటిలోకి ఎండవేడి చొరబడకుండా కాపాడే పదార్థాన్ని ఎంచుకోవడం నేడు వాస్తుశిల్పులకూ ఇంజనీర్లకూ సంబంధించిన సాంకేతిక నిర్ణయంగా కనిపిస్తుంది. తెలుగునాట ఇది కొన్ని తరాల క్రితం వరకు ప్రత్యేక నిర్ణయమే కాదు. ఇంటికప్పే ఉష్ణరక్షణగా ఉండేది. ఇరవయ్యో శతాబ్దంలో కప్పును ‘పక్కా’, ‘కచ్చా’ అని విభజించడంతో మన్నిక ప్రధాన ప్రమాణమయింది. చల్లదనం లెక్కలోంచి తప్పుకుంది. అదే కాలంలో ఉష్ణబంధక పదార్థం విడిగా కొనవలసిన సరుకుగా మారింది. మట్టిమిద్దె, తాటాకుకప్పు, పెంకుటిల్లు, రాతినార సిమెంటు రేకు, ఆర్.సి.సి. శ్లాబు, రసాయన నురుగు పలకలు, చలువకప్పు అనే దశల ద్వారా ఈ మార్పును పరిశీలించి, ‘పర్యావరణహితం’ అనే మాటకు చరిత్ర ఇచ్చే అర్థాన్ని నిర్ధారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఉష్ణబంధకం, మట్టిమిద్దె, చౌడు, పక్కా ఇల్లు, రాతినార, ఊక, చలువకప్పు, వడగాడ్పులు.

1. ఉపోద్ఘాతం:

ఎండ నుంచి ఇంటిని కాపాడే మార్గాలు మూడు. మొదటిది, వేడి ప్రవాహాన్ని అడ్డుకోవడం. లోపల నిశ్చలమైన గాలిని బంధించిన గడ్డి, ఊక, నురుగు వంటి తేలికపాటి పదార్థాలు ఈ పని చేస్తాయి. రెండవది, పగటి వేడిని మందమైన గోడలోనో కప్పులోనో నిల్వచేసి, రాత్రి చల్లబడిన తరవాత బయటికి వదలడం. మట్టి, రాయి, ఇటుక ఈ పని చేస్తాయి. మూడవది, ఎండను కప్పు మీదనే తిప్పికొట్టడం. సున్నపు పూత, తెల్లని పలకలు ఇందుకు ఉపకరిస్తాయి. ఈ మూడింటినీ కలిపి ‘ఉష్ణరక్షణ’ అనీ, మొదటి పనికి వాడే పదార్థాన్ని ‘ఉష్ణబంధకం’ అనీ ఈ వ్యాసంలో వ్యవహరించడం జరిగింది. ఈ భేదాన్ని విస్మరిస్తే పాత ఇళ్ల గుణాన్నిగానీ కొత్త పదార్థాల పరిమితినిగానీ సరిగా అంచనా వేయలేం.

తెలుగు ప్రాంతాల వాతావరణం ఏకరూపమైనది కాదు. రాయలసీమ, తెలంగాణ పీఠభూమిలో గాలి పొడిగా ఉంటుంది. పగలు, రాత్రి ఉష్ణోగ్రతల మధ్య తేడా ఎక్కువ. తీరాంధ్రలో గాలిలో తేమ ఎక్కువ. రాత్రి ఉక్కపోత తగ్గదు. అందువల్ల ఒకచోట హితమైన కప్పు మరొకచోట హితం కాకపోవచ్చు. సంప్రదాయ గృహనిర్మాణం ఈ తేడాను గుర్తించింది.

2. సంప్రదాయ కప్పులు – ప్రాంతీయ వివేకం:

2.1. మట్టిమిద్దె:

రాయలసీమలోనూ తెలంగాణలోని పలుచోట్లా మట్టిమిద్దె ప్రధాన గృహరూపం. మందమైన రాతిగోడల మీదో మట్టిగోడల మీదో దూలాలు వేసి, వాటిపై దంతెలు పరచి, ఆపైన సన్నని కట్టెలు లేదా నాపరాతి బండలు కప్పి, పైన మట్టిని దట్టంగా పరుస్తారు. చిట్టచివరి పొర చౌడు. ఉప్పుగుణం గల ఈ మట్టి తడిసినప్పుడు మెత్తబడి, సందులను పూడ్చి, నీరు కిందికి ఇంకకుండా అడ్డుకుంటుంది. వానాకాలానికి ముందు మిద్దె మీద కొత్త చౌడు పరచడం ఏటేటా చేయవలసిన పని. వెలుతురు కోసం, వేడిగాలి పోవడం కోసం కప్పులో గవాచి అనే రంధ్రాన్ని ఉంచేవారు.

ఈ కప్పు ప్రధానంగా రెండవ మార్గంలో పనిచేస్తుంది. మధ్యాహ్నపు ఎండ మట్టిపొరను దాటి గదిలోకి చేరడానికి గంటల సమయం పడుతుంది. ఆ వేడి లోపలికి చేరే వేళకు బయట చల్లబడి ఉంటుంది. ఎండాకాలపు రాత్రులలో మనుషులు మిద్దె మీద పడుకోవడం కూడా ఈ కప్పు గుణానికి అనుగుణమైన అలవాటే. పగలు లోపల, రాత్రి పైన అన్నది ఒక జీవనక్రమంగా స్థిరపడింది.

2.2. తాటాకుకప్పు, చుట్టిల్లు:

తీరప్రాంతంలో తాటాకు, రెల్లు, వరిగడ్డి ప్రధాన కప్పుపదార్థాలు. ఉత్తరాంధ్ర తీరంలోని చుట్టిళ్లలో గుండ్రని మట్టిగోడ మీద శంఖాకారపు కప్పు నిలుస్తుంది. చూరు బాగా కిందికి దిగి ఎండనూ జల్లునూ గోడకు తగలనీయదు. గుండ్రని ఆకారం తీరపు గాలి తాకిడిని తగ్గిస్తుంది. ఆకుల మధ్య చిక్కుకున్న గాలి వేడిని అడ్డుకుంటుంది. కప్పు తేలికైనది గనుక వేడిని నిల్వచేయదు. రాత్రి కూడా ఉక్క తగ్గని ప్రాంతానికి ఈ గుణమే అవసరం. పొడినేలకు బరువైన కప్పు, తేమనేలకు తేలికైన కప్పు అన్న ఈ విభజన వెనుక దీర్ఘకాలపు అనుభవం ఉంది.

2.3. పెంకు, గచ్చు:

కుమ్మరులు చేసిన నాటుపెంకు అంతకు ముందునుంచే వాడుకలో ఉండగా, 1865లో బాసెల్ మిషన్ మంగళూరులో స్థాపించిన కర్మాగారం యంత్రపు పెంకును దక్షిణాదికి పరిచయం చేసింది. తెలుగు ప్రాంతాల్లో పలుచోట్ల దీనిని బెంగుళూరు పెంకు అని పిలుస్తారు. పెంకుల సందుల గుండా వేడిగాలి బయటికి పోతుంది. పెంకుకూ గదికీ మధ్య చెక్క అటక ఉన్న ఇళ్లలో ఆ నడిమి గాలిపొర మరొక రక్షణగా నిలుస్తుంది.

సంపన్నుల ఇళ్లలోనూ వలసపాలన కాలపు కార్యాలయాలలోనూ ‘మద్రాస్ టెర్రస్’ కనిపిస్తుంది. చెక్క దూలాల మీద సన్నని ఇటుకలను నిలువుగా పేర్చి, ఆపైన ఇటుకముక్కలు కలిపిన సున్నపు గచ్చును దిమ్మిస చేసేవారు. సున్నంలో బెల్లం, కరక్కాయ నీరు కలపడం దక్షిణాది పనివారి పద్ధతి. తెలంగాణలో గానుగలో నూరిన డంగు సున్నం ఇటువంటి కట్టడాలకు ఆధారం. సిమెంటుతో పోలిస్తే సున్నాన్ని తక్కువ వేడిలో కాల్చవచ్చు. పైగా అది గట్టిపడే క్రమంలో గాలిలోని బొగ్గుపులుసు వాయువును కొంత తిరిగి గ్రహిస్తుంది.

3. సంప్రదాయ కప్పుల మూల్యం:

సంప్రదాయ గృహాన్ని ఆదర్శంగా మాత్రమే చిత్రించడం చరిత్రకు న్యాయం చేయదు. తాటాకు ఇళ్లకు నిప్పు నిత్యభయం. ఎండాకాలంలో ఒక ఇంటికి అంటుకున్న నిప్పు వాడనంతటినీ దగ్ధం చేసిన ఘటనలు తీరాంధ్ర గ్రామాలకు కొత్త కావు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెనలో వేలాదిమంది మరణించారు. గుడిసెలు ఆ నీటికీ గాలికీ నిలువలేకపోయాయి. మట్టిమిద్దె విడవని వానలకు నాని, బరువెక్కి కూలే ప్రమాదం ఉంది. చెదలు దూలాలను తినివేస్తాయి.

ఇంకొక మూల్యం శ్రమ. చౌడు తోలడం, కప్పు నేయడం, గోడలు మెత్తడం, నేల అలకడం ఏటా పునరావృతమయ్యే పనులు. వీటిలో అలకడం, మెత్తడం చాలావరకు స్త్రీల మీదనే పడ్డాయి. ఈ శ్రమకు కూలి లెక్క లేదు గనుక మట్టి ఇల్లు ‘చవక’గా కనిపించింది. పక్కా ఇంటిని పేదలు కోరుకున్నారంటే అది కేవలం ప్రతిష్ఠ కోసం కాదు. నిప్పు, నీరు, నిరంతర శ్రమ నుంచి విముక్తి కోసం కూడా. ఈ వాస్తవాన్ని అంగీకరించిన తరవాతనే తరువాతి మార్పుల వల్ల కలిగిన నష్టాన్ని అంచనా వేయడం సబబు.

4. ‘పక్కా’ అనే ప్రమాణం – రేకు, శ్లాబు:

4.1. రాతినార రేకు:

ఆస్ట్రియాకు చెందిన లుడ్విగ్ హాట్షెక్ 1901లో రాతినార, సిమెంటు కలిపి పలుచని పలకలు చేసే పద్ధతికి పేటెంటు పొందాడు. 1940ల ద్వితీయార్ధంలో హైదరాబాదు కేంద్రంగా ఈ పరిశ్రమ మొదలయింది. సనత్‌నగర్‌లో తయారైన ‘చార్మినార్’ రేకులు తెలుగు ఊళ్లకు పరిచితమయ్యాయి. కడప జిల్లా పులివెందుల ప్రాంతంలో రాతినార గనులు కూడా ఉండేవి. నిప్పంటుకోనిది, చెదలు పట్టనిది, ఏటా మార్చనక్కరలేనిది అయిన రేకు పేదవాని తొలి పక్కా కప్పు అయింది.

ఇక్కడ ఒక అపోహను గమనించాలి. ఆవిరిగొట్టాలకు చుట్టే రాతినార మంచి ఉష్ణబంధకం. దానిలోని గాలి అందుకు కారణం. సిమెంటుతో కలిపి అణచిన రేకులో ఆ గాలి ఉండదు. పైగా రేకు మందం ఆరు మిల్లీమీటర్లకు అటూఇటూ మాత్రమే. అందువల్ల రాతినార అనే పేరు ఉన్నా రేకుకు ఉష్ణరక్షణ గుణం దాదాపు లేదు.

ఆరోగ్యహాని మరింత తీవ్రమైనది. రాతినార ధూళి ఊపిరితిత్తుల వ్యాధులకూ క్యాన్సర్‌కూ కారణమవుతుంది. అన్ని రకాల రాతినారా మానవులలో క్యాన్సర్‌ను కలిగిస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిర్ధారించింది. 1995 జనవరిలో భారత సుప్రీంకోర్టు కన్స్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వ్యాజ్యంలో తీర్పునిస్తూ, కార్మికుని ఆరోగ్యహక్కును జీవించే హక్కులో భాగంగా గుర్తించింది. కార్మికుల ఆరోగ్య వివరాలను దీర్ఘకాలం భద్రపరచాలని పరిశ్రమలను ఆదేశించింది. ఐరోపా సమాఖ్య 2005 నుంచి రాతినార వాడకాన్ని నిషేధించింది. భారతదేశంలో కొత్త గనుల లీజులు నిలిచిపోయినా, దిగుమతి చేసుకున్న రాతినారతో రేకుల తయారీ కొనసాగింది. ఒక పదార్థం తవ్వకాన్ని ఆపి, వాడకాన్ని ఆపకపోవడం పర్యావరణ విధానంలోని ఒక వైరుధ్యం.

4.2. ఆర్.సి.సి. శ్లాబు:

1979లో ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర గృహనిర్మాణ సంస్థ ఏర్పడింది. దివిసీమ ఉప్పెన జ్ఞాపకం అప్పటికి ఇంకా తాజాగా ఉంది. 1980లలో బలహీనవర్గాల పక్కా ఇళ్ల కార్యక్రమం విస్తరించింది. 2006 నుంచి ఇందిరమ్మ పథకం దానిని మరింత ముందుకు తీసుకువెళ్లింది. జనాభా లెక్కల్లోనూ కప్పు, గోడల పదార్థాన్ని బట్టి ఇళ్లను వర్గీకరించారు. ఈ వర్గీకరణ పదార్థం మన్నికను కొలిచింది. ఆ ఇంట్లో మే నెల మధ్యాహ్నం మనిషి ఉండగలడా లేదా అన్నది దానికి అందలేదు.

భారతీయ ప్రమాణాల సంస్థ 1987లో ప్రచురించిన ఎస్.పి. 41 కరదీపికలో వివిధ పదార్థాల ఉష్ణవాహకతలు ఉన్నాయి. వాట్/మీటర్-కెల్విన్ ప్రమాణంలో ఆర్.సి.సి.కి 1.58, కప్పు మీద పరచే మట్టికి 0.519, రాతినార సిమెంటు రేకుకు 0.245, ఊకకు 0.051, పాలిస్టైరిన్ నురుగుకు 0.035. మందాన్ని ఉష్ణవాహకతతో భాగిస్తే ఉష్ణనిరోధం వస్తుంది. ఆ లెక్కన 150 మి.మీ. మట్టిపొర నిరోధం సుమారు 0.29. 100 మి.మీ. శ్లాబుది 0.063. 6 మి.మీ. రేకుది 0.024. అంటే శ్లాబు కంటే మట్టిపొర నాలుగున్నర రెట్లు వేడిని అడ్డుకుంటుంది. రేకు నిరోధం మట్టిపొరలో దాదాపు పన్నెండవ వంతు మాత్రమే. కచ్చా నుంచి పక్కాకు మారిన కుటుంబం నిప్పు నుంచీ వాన నుంచీ రక్షణ పొంది, ఎండ నుంచి రక్షణను కోల్పోయిందని ఈ అంకెలు తెలుపుతున్నాయి.

5. సరుకుగా మారిన ఉష్ణబంధకం:

శ్లాబు స్వయంగా వేడిని ఆపలేదు గనుక దానికి మరొక పొర అవసరమయింది. ఈ పొర ఊరి చేనులోనో చెరువుగట్టునో దొరికేది కాదు, కొనవలసినది. పాలియూరిథేన్, పాలిస్టైరిన్ నురుగులు, గాజునార, రాతి ఉన్ని శీతలగిడ్డంగుల నుంచీ కర్మాగారాల నుంచీ కార్యాలయ భవనాలకు చేరాయి. వీటి చరిత్ర పర్యావరణహితం అనే భావన ఎలా విస్తరించిందో చూపుతుంది.

పాలియూరిథేన్ నురుగును పొంగించడానికి క్లోరోఫ్లోరోకార్బన్లను వాడేవారు. ఇవి ఓజోన్ పొరను క్షీణింపజేస్తాయని 1974లో మోలినా, రోలండ్ ప్రతిపాదించారు. 1987 సెప్టెంబరు 16న మాంట్రియల్ ఒప్పందం కుదిరింది. భారతదేశం 1992లో అందులో చేరింది. వాటి స్థానంలో వచ్చిన హెచ్.సి.ఎఫ్.సి. – 141బి అనే వాయువు వాడకం కూడా మనదేశంలో 2020 జనవరి 1తో ముగిసింది. పాలిస్టైరిన్‌లో మంటను నిరోధించడానికి కలిపిన హెచ్.బి.సి.డి. అనే రసాయనాన్ని 2013లో స్టాక్‌హోమ్ ఒప్పందం నిషేధిత జాబితాలో చేర్చింది. 2017 జూన్ 14న లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అగ్నిప్రమాదంలో 72 మంది మరణించారు. భవనం వెలుపలి గోడకు అమర్చిన తొడుగు, దాని వెనుక ఉన్న నురుగు మంట వ్యాప్తికి తోడ్పడ్డాయి. విద్యుత్తును ఆదా చేసే పదార్థం ఆకాశానికో ఆహారగొలుసుకో నివాసికో హాని చేయవచ్చునని ఈ ఘటనలు వరుసగా నిరూపించాయి.

6. తెలుగునాట ప్రత్యామ్నాయాలు:

విశాఖపట్నం కేంద్రంగా ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ రూపొందించిన ‘ఫాల్-జి’ పద్ధతిలో బొగ్గుబూడిద, సున్నం, జిప్సం కలిపి కాల్చకుండానే ఇటుక తయారవుతుంది. దీని ప్రధాన ప్రయోజనం ఉష్ణరక్షణ కాదు. పొలాల పైమట్టినీ బట్టీలో మండే ఇంధనాన్నీ ఆదా చేయడం. ఒక పదార్థం ఎందువల్ల పర్యావరణహితమో స్పష్టంగా చెప్పడం ఎంత అవసరమో ఈ ఉదాహరణ తెలుపుతుంది.

ఊక విషయం మరింత ఆలోచించదగినది. 50 మి.మీ. పాలిస్టైరిన్ పలక ఇచ్చే నిరోధాన్ని సుమారు 73 మి.మీ. ఊకపొర ఇవ్వగలదు. గోదావరి, కృష్ణా డెల్టాలలోని రైసుమిల్లులకు ఊక ఉపఉత్పత్తి. అది పెట్రోలియం నుంచి వచ్చేది కాదు, నేలలో శతాబ్దాలు మిగిలిపోయేదీ కాదు. అయితే తడిస్తే పాడవుతుంది, కాలక్రమంలో కుంగుతుంది, ఎలుకలకు నెలవవుతుంది. అంటుకుంటే మంట కనిపించకుండా రాజుకుంటుంది. పొడిగా ఉంచి, గట్టిగా మూసి, నిప్పు చొరని పొరల నడుమ అమర్చితేనే అది ఉపయుక్తం. ఉష్ణవాహకత ఒక్కటే చూసి ఎన్నిక చేయడం రాతినార చరిత్ర నేర్పిన పాఠాన్ని విస్మరించడమే అవుతుంది.

2004లో హైదరాబాదులో ప్రారంభమైన సి.ఐ.ఐ.–సోహ్రాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రం భవనం పైకప్పు మీద తోటను పెంచి, మట్టి కప్పును కొత్త రూపంలో తిరిగి ప్రవేశపెట్టింది. మిద్దె మీది మట్టి ఆధునిక భవనంలో ‘హరిత కప్పు’గా గౌరవం పొందడం గమనార్హం.

7. నియమావళి – చలువకప్పు:

2007లో కేంద్రప్రభుత్వం ఇంధన పరిరక్షణ భవన నియమావళిని ప్రకటించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2014 జనవరిలో దానిని తనకు అనుగుణంగా మార్చి స్వీకరించింది. నివాసగృహాల కోసం 2018 డిసెంబరులో వచ్చిన ‘ఎకో నివాస్ సంహిత’ ప్రకారం కప్పు ఉష్ణప్రసారం చదరపు మీటరుకు 1.2 వాట్/కెల్విన్ మించరాదు.

ఉపరితల గాలిపొరల నిరోధాన్ని 0.21గా తీసుకుని పై పొరలనే లెక్కిస్తే, 100 మి.మీ. శ్లాబు ఉష్ణప్రసారం సుమారు 3.7. 150 మి.మీ. మట్టిపొరది 2.0. శ్లాబు మీద 50 మి.మీ. ఊకపొర ఉంటే 0.8. అంటే శ్లాబే కాదు, మట్టిపొర కూడా ఒంటరిగా ఈ పరీక్షలో నెగ్గదు. కారణం, ఈ అంకె స్థిరమైన ఉష్ణప్రవాహాన్ని కొలుస్తుంది. మట్టి చేసే పని వేడిని ఆలస్యం చేయడం. దానిని ఈ అంకె పట్టుకోదు. ఏ కొలమానాన్ని ఎంచుకున్నామన్నది ఏ పదార్థం మంచిదో ముందే కొంతవరకు నిర్ణయిస్తుంది. ఒకనాడు పక్కా–కచ్చా విభజన చల్లదనాన్ని లెక్కించనట్లే, నేటి నియమావళి అంకె మందమైన మట్టికప్పు గుణాన్ని పూర్తిగా లెక్కించడం లేదు.

2015 మే నెలలో వడగాడ్పులకు దేశవ్యాప్తంగా రెండు వేలమందికి పైగా మరణించారు. అందులో అధికభాగం రెండు తెలుగు రాష్ట్రాలలోనే. 2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం 2023–28 కాలానికి కూల్ రూఫ్ విధానాన్ని ప్రకటించింది. ప్రభుత్వ, వాణిజ్య భవనాలకూ 600 చదరపు గజాలు, ఆపైన ఉన్న స్థలాల్లోని నివాసగృహాలకూ చలువకప్పును తప్పనిసరి చేసింది. 2028 నాటికి 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచడం లక్ష్యం. తెల్లని పూత ఎండను తిప్పికొట్టే మూడవ మార్గానికి చెందినది. ఇందులో అతి తక్కువ పదార్థం సరిపోతుంది, ఖర్చు తక్కువ. కానీ దుమ్ము పడితే దాని శక్తి తగ్గుతుంది. మిద్దెకు చౌడు వేసినట్లే పూతనూ పునరుద్ధరించాలి. తప్పనిసరి నిబంధన పెద్ద స్థలాల యజమానులకు వర్తిస్తుంది. ఎండకు ఎక్కువగా గురయ్యే రేకుల ఇళ్ల నివాసులు ఆ పరిధికి వెలుపల ఉన్నారు. వారికి ఈ కప్పు చేరడం నిబంధన మీద కాక ప్రభుత్వ సహాయం మీద ఆధారపడి ఉంటుంది.

8. ముగింపు:

ఈ పరిశీలన వల్ల కింది అంశాలు అవగతమవుతున్నాయి.

• తెలుగునాట ఉష్ణరక్షణ కప్పు నుంచి విడదీయరాని గుణంగా ఉండేది. పొడిప్రాంతంలో బరువైన మట్టిమిద్దె, తేమప్రాంతంలో తేలికైన తాటాకు స్థానిక వాతావరణానికి తగిన ఎన్నికలు.

• పక్కా ఇల్లు నిప్పు, వాన, నిరంతర శ్రమల నుంచి పేదలను కాపాడింది. అదే సమయంలో ఎండ నుంచి ఉన్న రక్షణను తొలగించింది. లాభం గుర్తింపు పొందింది, నష్టం లెక్కకు రాలేదు.

• రాతినార, క్లోరోఫ్లోరోకార్బన్ నురుగు, గ్రెన్‌ఫెల్ ఉదంతాలు పర్యావరణహితం అనే మాట పరిధిని విస్తరింపజేశాయి. పదార్థం పుట్టుక, తయారీలో కార్మికుని ఆరోగ్యం, నిప్పు, చివరికి ఆ పదార్థం ఎక్కడికి చేరుతుంది అన్నవన్నీ ఎన్నికలో భాగం కావాలి.

• ఒకే అంకెతో అన్ని కప్పులనూ కొలిచే పద్ధతి పొడిప్రాంతపు మట్టికప్పు గుణాన్ని తక్కువ చేసి చూపుతుంది. వేడిని ఆలస్యం చేసే శక్తినీ నియమావళి లెక్కించవలసి ఉంది.

• ఏ ఉష్ణరక్షణా ఒకసారి అమర్చి మరచిపోదగినది కాదు. చౌడుకు ఏటా అవసరమైన శ్రద్ధ తెల్లపూతకూ ఊకపొరకూ అవసరం. ఆ శ్రమ ఎవరిది, దాని ఖర్చు ఎవరు భరిస్తారు అన్న ప్రశ్నకు సమాధానం చెప్పని గృహనిర్మాణ విధానం అసంపూర్ణం.

పేదల గృహనిర్మాణం కోసం రూపొందించే పథకాలలో గోడ, కప్పు, మరుగుదొడ్డి, విద్యుత్తులతో పాటు ఇంటిలోపలి ఉష్ణోగ్రతను కూడా ఒక ప్రమాణంగా చేర్చడం ఈ చరిత్ర సూచించే తక్షణ కర్తవ్యం.